గింజ కొరికే పన్ను

అన్నూరు దగ్గర మా కళ్లంలో మొక్కజొన్న ఎండిందో లేదో తేల్చేది మా అత్త పన్ను. ఒక గింజ దవడ పళ్ల మధ్య పెట్టుకుని కొరికేది. టక్కుమని పగిలితే మూటలు కట్టాలి, మెత్తగా నొక్కుకుపోతే మళ్లీ ఎండబెట్టాలి. చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా గుప్పెడు గింజలు తెచ్చి ఆమె ముందు నిలబడేవాళ్లు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ ఆ పంటికి ఎదురు చెప్పినవాళ్లను చూడలేదు.

షుగరు జబ్బుతో రెండువైపులా ఆ దవడ పళ్లు పోయాయి. కోయంబత్తూరు డాక్టరు ముందు కుడివైపు టైటానియం ఇంప్లాంటు వేశాడు. ఎడమవైపు వంతు వచ్చేసరికి అత్త మోటారు పంపు బేరానికి వచ్చినట్టు కూర్చుని, ఏది ఎక్కువ కాలం నిలుస్తుందని అడిగింది. టైటానియాన్ని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాం, నమ్మొచ్చు అన్నాడాయన. జిర్కోనియా పింగాణీ లాంటిది, తెల్లగా ఉంటుంది, చిగుళ్లు శుభ్రంగా ఉంటాయి, కానీ అది అంత పాతది కాదు, విరిగేటప్పుడు ముందుగా చెప్పదు అన్నాడు. అత్త తెల్లదే కావాలంది. మేం లేస్తుంటే ఆయన ఇంకో మాట అన్నాడు. రెండూ ఎముకను పట్టుకుంటాయి గానీ సొంత పంటికి గట్టీ మెత్తా తెలిసినట్టు వీటికి తెలియదు, గట్టివి కొరకొద్దని. నేను విన్నాను. అత్త అప్పటికే బయట చెప్పులు వెతుక్కుంటోంది.

ఐప్పసి నెల వానలకు ముందు కళ్లం మీద మబ్బు కమ్మింది. నా అరచేతికి గింజ చల్లగా తగిలింది. అత్త కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి కొరికింది.

“ఎండిపోయిండాది. మూటలు కట్టండి.”

“ఇంకో దినం చూస్తామత్తా. చల్లగా ఉండాది.”

“నీ చేతికి తెలిసింది నా పంటికి తెలియదా? చాలమ్మా, కట్టు.”

నాకు ఒళ్లు మండింది. అయినా మూటలు కుట్టాను.

కొట్టంలో చూడి ఆవు ఉంది, తొలిచూలు. తల్లి చచ్చిపోతే అత్తే సీసాతో పాలు పట్టి పెంచిన దూడ అది. ఈనబోయే ఆవుకు బలమని ఆ మొక్కజొన్నే పిండి పట్టించి రోజూ కుడితిలో కలిపించింది.

కొన్నాళ్లకు మూటల గదిలో ఒక వాసన మొదలైంది. తడిగుడ్డలేమో అనుకున్నాను. ఒక పొద్దున ఆవు కుడితి ముట్టలేదు. చెవులు వాల్చేసి గోడవైపు తిరిగి నిలబడింది. నాకు భయమేసింది. గదిలోకి పోయి మూటలో మోచేతిదాకా చెయ్యి దూర్చాను. లోపల జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది. అత్తను పిలిచాను.

“బూజు పట్టిండాదత్తా.”

ఆమె నావైపు చూడలేదు. ఒక గింజ తీసి ఎడమవైపు పెట్టుకుని బలంకొద్దీ కొరికింది. టక్కుమంది. నాకూ వినపడింది.

“విన్నావా? ఎండిపోయిండాది,” అంది. ఆ ముఖంలో వెలుగు చూసి ఒక్క క్షణం నేనూ నమ్మాను.

అరచేతిలోకి ఉమ్మింది. గింజ నొక్కుకుపోయి ఉంది, పగల్లేదు. దాని పక్కన తెల్లటి పంటి ముక్క. నెత్తురు లేదు. నొప్పి కూడా లేనట్టుంది. నాలుకతో దవడ తడుముకుంది. కొట్టంవైపు తిరిగింది.

“ఆవు ఎప్పటినుంచి తింటా ఉండాది?”

“మీరు కొరికిన మర్నాటినుంచి,” అన్నాను.