పురుగుల వాటా

ఈ రోజు నేను ఎవరూ అడగకపోయినా మాట్లాడాను! అదీ రావల్కోల్ అనే ఊళ్లో, నా క్లాస్‌మేట్ స్వప్న వాళ్ల నాన్నగారితో.

ఆయన చేలో బీటీ పత్తి గింజలు పెట్టిస్తున్నారు. కాయతొలిచే పురుగును ఆ మొక్కే చంపుతుంది. దాంతోపాటు వచ్చిన మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్‌ను మాత్రం గట్టు మీదికి విసిరేశారు. నేను పరుగెత్తి తెచ్చాను.

"అంకుల్, ఇవి చేను చుట్టూ వేయాలని ప్రభుత్వ నియమం. పురుగులు కొన్ని వీటి మీద బతకాలి. లేకపోతే బీటీ మొక్క విషాన్ని తట్టుకునే పురుగులే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది."

"ఏంది బిడ్డా, పురుగులకు గూడ వాటా ఇయ్యాల్నా? అన్నదమ్ములకే ఇస్తలేరు!"

కూలీలు పకపకా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. అయినా ఆగలేదు.

"అమెరికాలోనూ ఇలాంటి నియమమే ఉంది. కొన్ని దేశాల్లో అసలు ఈ పత్తినే వేయనివ్వరు."

"మరి పురుగు మొండికేస్తే?"

"మళ్లీ పురుగుమందు కొట్టడమే."

ఆయన నవ్వు ఆగిపోయింది. "వద్దు బిడ్డా. పోయినేడు మందు కొట్టుకుంట కండ్లు తిరిగి పడ్డ." కూలీల వైపు తిరిగారు. "యాదమ్మా, గీ గింజలు చుట్టూ పెట్టుండ్రి. పురుగుల వాటా!"

క్లాసులో హాజరు కూడా గట్టిగా పలకని నేను ఒక ప్రభుత్వ నియమాన్ని అమలు చేయించాను! మీ ఊళ్లో ఆ చిన్న ప్యాకెట్ ఏ గట్టు మీద పడుతోంది? చెప్పండి, బస్సెక్కి వచ్చేస్తాను.