నేను మింగేసిన ‘అంట’

కొన్నేళ్లుగా ఒక మాట బరువు మోస్తున్నాను. నోరు జారి అన్న మాట కాదు. అనవలసిన చోట అనకుండా మింగేసిన మాట. రెండక్షరాలది.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను చూడలేదు. రేపు బాన్సువాడ బస్టాండు దగ్గర ఎదురుపడినా గుర్తుపట్టరు. ఇది పిరికితనమే. తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

అప్పట్లో నేను మేడమీద ఒక గదిలో కంప్యూటర్ నేర్పేవాడిని. పిల్లలు తగ్గిపోతున్నారు. అందరికీ ఫోనే చాలుతోంది. గది ఖాళీ అవుతున్నా నా పేరు మాత్రం తగ్గలేదు. చుట్టుపక్కల ఎవరు కంప్యూటర్ కొనాలన్నా ముందు నన్ను అడిగేవారు. బీర్కూర్ ఎరువుల దుకాణాయన, కోటగిరి పంతులు, అందరూ. ఇంకా మార్కెట్లోకి రాని ప్రాసెసర్ల గురించి నెట్‌లో చదవడం నాకు పిచ్చి. ఏది ఎప్పుడు వస్తుంది, ఎంత వేగంగా ఉంటుంది, దేన్ని మించిపోతుంది అని. చదివింది నలుగురికీ చెబుతుంటే వాళ్లు నోరు తెరుచుకుని వినేవారు. ఆ గొప్ప నాకు చాలా ఇష్టం.

సరిత అప్పుడే నా దగ్గర నేర్చుకుంది. అది ఆమె అసలు పేరు కాదు. తండా అమ్మాయి. ఫ్లెక్సీల డిజైన్ నేర్పించాను. ఆరు నెలలు తిరగకముందే నన్ను దాటిపోయింది. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉండాలన్నదే మా ఊళ్లో సగం తగాదాలకు మూలం. సరిత చేస్తే మేనమామ అలగడు, బావ మూతి ముడవడు. ఎలా సర్దేదో నాకు అర్థమయ్యేది కాదు. మెచ్చుకునేవాడిని. లోపల కుళ్లుకునేవాడిని కూడా.

సొంతంగా షాపు పెట్టుకోవాలని ఆమె ఆశ. బస్టాండు వెనక గల్లీలో ఒక మడిగె, అంటే షాపు గది, కిరాయికి ఉందని తెలిసి, ఓనరుతో మాట్లాడి వచ్చింది. ఇక కంప్యూటర్ ఒక్కటే తక్కువ. ఏది కొనాలో అడగడానికి నా దగ్గరికే వచ్చింది. ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది?

ఆ మడిగెను అంతకు ముందే నేనూ ఫ్లెక్సీల షాపు కోసం చూసుకున్నాను. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"అన్నా, బాపు వడ్ల పైసలు ఇస్తనంటుండు. నిజామాబాద్ పోయి సిస్టం తెచ్చుకుంట. ఏది తీసుకోవాలె?"

"ఇప్పుడు కొనకు. కొత్త ప్రాసెసర్ వస్తది. డబుల్ స్పీడ్ ఉంటది. పెద్ద ఫైల్ తెరిస్తె గిట్ల గిరగిర తిరుగుడు ఉండదు."

"నిజంగ వస్తదా?"

"వస్తది. దసరా లోపట వస్తది. ఆగు."

"పైసలు ఇంట్ల ఉంటె నిలువయన్నా. బాపు ఊకుంటడో లేదో."

"నేను చెప్తున్న కద."

"నువ్వు చెప్పినంక ఇగ ఫికర్ ఏంది? ఆగుత."

అంతే. చూశారుగా, ఇందులో పెద్ద అబద్ధం ఏముంది? చాలాకాలం నన్ను నేను ఇలాగే అడుగుతూ వచ్చాను. ఆ పుకారు నేను పుట్టించలేదు. నెట్‌లో నిజంగానే ఉంది. కానీ ఎలా ఉంది? ఎవరో ముక్కూముఖం తెలియనివాడు పెట్టిన ఒక మసక ఫొటో, దాని కింద వందమంది ఊహలు. వస్తదంట. స్పీడుంటదంట. అంతా అంట. మా అవ్వ పక్కింటి బర్రె ఈనిన సంగతి చెప్పాలన్నా, తన కళ్లతో చూడకపోతే, "ఈనిందంట" అనేది. చదువు రాని ఆమెకు కూడా ఆ తేడా తెలుసు. నాకు తెలియదా? ఆ రోజు సరితతో మాట్లాడుతుంటే ‘అంట’ నా నాలుక చివరిదాకా వచ్చింది. తెలిసి తెలిసి మింగేశాను. ఆ అమ్మాయి "నిజంగ వస్తదా?" అని సూటిగా అడిగినప్పుడు కూడా మింగేశాను.

మరుసటి వారమే నిజామాబాద్ వెళ్లాను. ఇప్పుడు కొనొద్దని ఆమెను ఆపిన ఆ సిస్టమే నేను కొన్నాను. అదే మడిగె తీసుకున్నాను.

షాపు తెరిచిన రోజు సరిత వచ్చింది. కొబ్బరికాయ కొడుతున్న నన్ను కాదు, టేబుల్ కింద ఉన్న సీపీయూనే చూస్తూ నిలబడింది. అడుగుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. "నీకు అర్జెంటు పడ్డదేమో అన్నా," అని నా తరఫున సాకు కూడా తనే వెతికింది. నేను తలూపాను. ఆ తలూపడాన్ని ఏమనాలి? మొదటి తప్పును, ‘అంట’ మింగడాన్ని, ఆశ అనుకుందాం, భయం అనుకుందాం. రెండోదానికి పేరే దొరకడం లేదు.

దసరా వచ్చింది, పోయింది. ప్రాసెసర్ రాలేదు. ఎండాకాలంలో వాళ్ల పొలంలో బోరు ఎండిపోయింది. దాచిన పైసలు కొత్త బోరుకు పోశాడు వాళ్ల బాపు. నీళ్లు పడలేదు. ఆ తర్వాత సరిత నా దగ్గరికి వచ్చి పని ఇమ్మని అడిగింది. ఇచ్చాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఎంత మంచివాడినో కదా అనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ అలాగే అనుకున్నాను.

అప్పటినుంచి నా షాపులోనే చేస్తోంది. బోర్డు మీద పేరు నాది. గిరాకీ వచ్చేది ఆమె కోసం. ఆ ప్రాసెసర్ చాలా ఆలస్యంగా వచ్చింది. డబుల్ స్పీడేమీ లేదు, కాస్త మెరుగు. షాపుకు ఒకటి తెచ్చాం. ఎవరైనా దాన్ని చూసి అడిగితే సరిత గొప్పగా చెబుతుంది: "గిది వస్తదని మా అన్న ఎప్పుడో చెప్పిండు." తనకు జరిగిన నష్టమంతా బోరు వల్లేనని నమ్ముతోంది. నేను నవ్వి ఊరుకుంటాను.

ఇన్నేళ్లు ఊరుకున్నవాడిని, ఇప్పుడెందుకు చెబుతున్నాను?

ఇప్పుడు మళ్లీ అవే కబుర్లు మొదలయ్యాయి. కొత్త డెస్క్‌టాపుల్లో రాబోయే ప్రాసెసర్లు ఇంతకింత పరుగెత్తుతాయని, మనం చెప్పకముందే పని చేసి పెడతాయని. పోయిన వారం సరిత నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. బీర్కూర్‌లో సొంతంగా షాపు పెట్టుకుంటుందట. "ఇప్పుడే కొనాల్నా, కొత్తది వచ్చేదాంక ఆగాల్నా అన్నా?" అని అడిగింది.

ఆమె వెళ్లిపోతే నా షాపు నడవదు. ముందుగా నాకు తట్టింది అదే. ఆ వెంటనే నోట్లోకి వచ్చిన మాట ఏమిటో తెలుసా? ఆగు. పశ్చాత్తాపం అని ఇన్నేళ్లుగా నేను అనుకుంటున్నది ఏమైందప్పుడు? మారలేదు నేను. "రెండు రోజుల్ల చెప్త," అని లేచి బయటికి వెళ్లిపోయాను. ఆమె ఇంకా ఎదురుచూస్తోంది. పాపం, నేను లెక్కలు చూస్తున్నాననుకుంటోంది.

క్షమించమని అడగను. ఆమె పోగొట్టుకున్న ఏళ్లు నా క్షమాపణతో తిరిగిరావు. ఉన్నది ఉన్నట్టు కాగితం మీద పెట్టాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అంతవరకే.

ఇదంతా చేత్తో రాశాను. నా పేరు లేదు, ఆమె పేరు మార్చాను. అయినా మొదటి పేజీ పూర్తికాకముందే కనిపెట్టేస్తుంది. మీ దాకా రావాలంటే దీన్ని టైపు చేయాలి, మా షాపులో తెలుగు టైపింగ్ అంతా సరితదే. పొద్దున ఈ కాగితాలు ఆమె కీబోర్డు పక్కన పెట్టి, ఎక్కడికీ వెళ్లకుండా ఎదురుగా కూర్చుంటాను. మీకంటే ముందు ఆమె చదువుతుంది.