బషీర్ భాయ్ సగం నవ్వు

జడ్చర్లలో మోటార్లకు వైండింగ్ చేసే బషీర్ భాయ్ ఏడాదిగా సగమే నవ్వుతున్నాడు. మాట వరసకు అనడం లేదు. కుడి బుగ్గ చెవి దాకా పోతుంది. ఎడమ బుగ్గ మాత్రం అలిగిన అల్లుడిలా కదలకుండా కూర్చుంటుంది.

పక్క దుకాణంలో జిరాక్సులు తీసే నేను పక్షవాతమని హడలిపోయాను.

"భాయ్, జర దవాఖానకు పోదాం పా."

"నాకేమైంది నవీన్? నవ్వుకు త్రీ ఫేజెందుకు? సింగిల్ ఫేజు చాలు."

ఒక పెళ్లిలో ఫొటోగ్రాఫర్ "చాచా, గా దిక్కు గూడ జర నవ్వుండ్రి" అని కాళ్లావేళ్లా పడ్డాడు. ఈయన మొహం పక్కకు తిప్పి కుడి చెంపే చూపించాడు.

అసలు నవ్వంటే ఆయన భార్య దిల్షాద్ భాభీది. ఆమె నవ్వితే వీధి చివరికి వినిపించేది. నిరుడు ఆటో బోల్తాపడి అద్దం పెంకు ఆమె ఎడమ చెంపను కోసింది, ముఖాన్ని కదిలించే నరం తెగింది. హైదరాబాదు డాక్టరు తెగిన రెండు కొసల మధ్య సన్నని గొట్టం కుట్టాడు.

వైరు అతుక్కి గొట్టంలాంటి స్లీవు తొడిగే బషీర్ భాయ్‌కి ఇట్టే అర్థమైపోయింది. "గట్లయితే పొద్దుగూకేసరికి కరెంటొస్తది!" అని మిఠాయి డబ్బా కూడా కొనుక్కొచ్చాడు. డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ గొట్టంలో నరం మెల్లగా పెరగాలి. నెలలు పడుతుంది. రోజూ నవ్వడం సాధన చేయాలి."

సాధనా? వంకర నవ్వు చూసుకోలేక భాభీ నవ్వడమే మానేసింది. ఆ నవ్వుకు మేమంతా మొహం వాచిపోయాం.

ఒక సాయంత్రం భాయ్ జిరాక్సు కాగితాలివ్వడానికి వాళ్లింటికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. భాయ్ ఆమె ఎదురుగా కూర్చుని సగం నవ్వు నవ్వుతున్నాడు.

"నీకేం తక్కువైంది? మా ఖాందాన్ల అందరి నవ్వు గింతే. ఏదీ, నువ్వూ నవ్వు!"

ఆమె నవ్వింది. అచ్చం ఆయనలాగే, కుడివైపే. బయట ఇంకోలా నవ్వితే తన నాటకం ఆమెకు తెలిసిపోతుందని ఊరంతా ఆ ఒక్క నవ్వే తిప్పుతున్నాడు, పిచ్చి మనిషి! కాగితాలు గుమ్మంలోనే పెట్టి వచ్చేశాను.

మొన్న నా కళ్ల ముందే భాభీ ఎడమ పెదవి కొస వణికింది. గోధుమ గింజంత, అంతే.

"అగో, కదిలింది!" భాయ్ ఎగిరి గంతేసి, ఏడాది తర్వాత నిండుగా నవ్వబోయాడు. ఎడమ బుగ్గ లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఊఁహూఁ! అలవాటు తప్పిపోయింది.

భాభీ ఆయన ఎడమ బుగ్గను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లేపింది.

"ఫికర్ చెయ్యకుండ్రి. రోజింత నేర్పిస్త."