మిరప కల్లం కింద డొంక

మొన్న శనివారం మధ్యాహ్నం భోజనం చేసి ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. భూములకూ ఇళ్ళకూ విలువ కట్టే మా వృత్తిలో ఉన్నవాళ్ళు ఏటా ఇన్ని గంటలని కొత్త పాఠాలు విని తీరాలి, లేకపోతే బ్యాంకులవాళ్ళు తమ జాబితాలోంచి పేరు తీసేస్తారు. పూర్వం బస్సులు పట్టుకుని పోయి వినేవాళ్ళం, ఇప్పుడు ఇంట్లోనే. తెర మీద ఒక అమ్మాయి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ పోతుంటే, మధ్యమధ్య కెమెరా మన ముఖం ఉందో లేదో చూసుకుంటుంది. నేను రెండుసార్లు కునికాను. అయినా చివర్లో సర్టిఫికెట్టు వచ్చింది. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూసి, "మీ ఫోటో ఒకటి కుర్చీకి ఆనించి మీరెళ్ళి పడుకోండి, దానికీ ఇస్తారు సర్టిఫికెట్టు" అంది. నవ్వాను గాని ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఒకప్పుడు నన్ను కునకనివ్వని మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన మీద పడ్డంత అనుమానం నేను జీవితంలో మరెవరి మీదా పడలేదు.

అవి రెండువేలు దాటిన తొలి సంవత్సరాలు. గుంటూరు నుంచి తాడేపల్లి దాకా రోడ్డు పక్క చేలల్లో పత్తి మొక్కల కంటే రంగు వేసిన ప్లాటు రాళ్ళు ఎక్కువ మొలుస్తున్న రోజులు, మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్రతి సెంటుకూ రెండు ధరలుండేవి, కాగితం మీద ఒకటి, నోటితో చెప్పుకునేది ఒకటి. మాది వినుకొండ వైపు. మా నాన్న పల్లెపల్లెకూ సైకిలు మీద తిరిగి బైబిలు వాక్యం చెప్పేవాడు. ఇంటి ప్రార్థనలో దొంగ తూనికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చదవడం ఆపి మా పిల్లల ముఖాలు ఒక్కొక్కటిగా చూసేవాడు. మా ఇంట్లో తక్కెడే లేదు, మేము తూచేదీ లేదు, అయినా దొంగల్లా తలలు దించుకునేవాళ్ళం. పెద్దయ్యాక డిప్లొమా చదివిన నాకు చివరికి తూచే పనే దొరకడం ప్రభువు ఏర్పాటని నేను ఇప్పటికీ నమ్ముతాను.

గుంటూరులో నన్ను ఈ పనిలో నిలబెట్టినవారు మా సంఘ పెద్ద. పొలం ఉన్న మనిషి, ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి చాపలు పరిపించే మనిషి. నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు తీసుకుపోయి, "మావాడేనండి, చచ్చినా అబద్ధం రాయడు" అని మేనేజరుతో చెప్పి విలువ కట్టేవాళ్ళ ప్యానెల్లో వేయించారు. ఆ తరవాత ఏడాదికి, పెదకాకాని అవతల రోడ్డు వారనున్న తన చేనును తనఖా పెట్టి దుకాణాలు కట్టుకుందామని ఆయన అనుకున్నప్పుడు, విలువ కట్టే పని నాకే వచ్చింది. సంతోషంగా కట్టి ఇచ్చాను. దస్తావేజులో తూర్పు హద్దు డొంక అని ఉంది. డొంకంటే చేల మధ్య బండ్లు నడిచే సర్కారు బాట, ఎవరి సొంతమూ కాదు. అదేదని అడిగితే, రోడ్డు వెడల్పు చేసినప్పుడు అందులో కలిసిపోయిందన్నారు. చూద్దామంటే చేను అంచు నుంచి రోడ్డు దాకా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రగా మెరుస్తున్న కల్లాన్ని తొక్కుకుంటూ పోవడం మన వైపు ఎవరు చేస్తారు? అన్నాన్ని తొక్కినట్టే. వెనక గట్టు నుంచి కల్లం దాకా టేపు పెట్టి కొలిచాను, మిగతాది ఆయన మాట పెట్టి కొలిచాను, రోడ్డు ముఖం ఉన్న స్థలమని ఆ ధరే రాసి సీలు వేశాను.

ఆ నెలలోనే శిక్షణ కబురు వచ్చింది. ప్యానెల్లో ఉన్నవాళ్ళంతా ఆరు ఆదివారాలు తరగతులకు హాజరై సర్టిఫికెట్టు తేవాలని బ్యాంకువారు ఉత్తరం పంపారు. ఆదివారం అనగానే నాకు మొదటి అనుమానం. దేవుని దినాన్ని మింగేసే చదువు మంచి చదువెలా అవుతుందని. తెల్లవారుజాము ఆరాధన ముగించుకుని, బ్రాడీపేటలో ఒక ట్యుటోరియల్ మేడమీదికి ఎక్కి, ఇరుకు బల్లల్లో పద్దెనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. పాఠం చెప్పే మాస్టారు సర్వే శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఏ ఊరో చెప్పరు, ఎక్కడ దిగారో చెప్పరు. హాజరు సంతకం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీసుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు. మనం ఏ ధర చెప్పినా, ఏ హద్దు చెప్పినా ఆయన నోట ఒకటే ప్రశ్న, "ఎవరు చెప్పారు?" అని. మొదటి ఆదివారమే, ప్రతివాళ్ళూ తాము రాసిన పాత రిపోర్టులు మూడేసి తెచ్చివ్వాలన్నారు. బ్యాంకువాళ్ళు పెట్టిన వేగులవాడేమోనని మాలో మేము గుసగుసలు పోయాము. ఒంగోలు నుంచి వచ్చే తోటి వాల్యుయర్ అయితే, "పాఠం కాదండి ఇది, పోలీసు స్టేషను. లాఠీ ఒక్కటే తక్కువ" అనేవాడు. దాచుకునేది నాకేముందని నేను కట్టలో పైనున్న మూడూ తీసి ఆ సాయంత్రమే ఇచ్చేశాను. అందులో సంఘ పెద్ద చేను రిపోర్టు ఒకటి.

రెండో ఆదివారం సంఘ పెద్ద తరగతి మొత్తానికీ బిర్యానీ పొట్లాలు పంపించారు. పొట్లాలు పంచి, ఎవరు పంపారో కూడా నేనే గొప్పగా చెప్పాను. అందరూ తిన్నారు. మాస్టారు మాత్రం కిటికీ దగ్గరికి పోయి తన డబ్బా విప్పుకుని పెరుగన్నం తిన్నారు. మా ఇళ్ళ అన్నం కొందరు ఎందుకు ముట్టరో చిన్నప్పటి నుంచీ ఎరిగినవాణ్ణి కాబట్టి, నాకు చివుక్కుమంది. ఆ రోజు ఆయన కోసం ప్రార్థన చేశానన్నమాటే గాని, అది ప్రార్థనో ఫిర్యాదో ప్రభువుకే తెలియాలి.

నాలుగో ఆదివారం సైటు పాఠమన్నారు. వ్యాను ఎక్కించి ఎక్కడికో చెప్పలేదు. పెదకాకాని దాటింది. ఇంకొంచెం పోయి ఆగింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా సంఘ పెద్ద చేను. ఇన్ని వేల ఎకరాల నల్లరేగడిలో మాస్టారికి ఈ ఒక్క చేనే దొరికిందా? ఎవరు చెప్పారో, ఏం చెప్పారో, నన్నేం చేయబోతున్నారో అని లెక్కలు వేసుకుంటూ అందరికంటే చివర దిగాను. తప్పు బయటపడితే ప్యానెల్లో నా పేరు ఉండదు, సంఘంలో సంఘ పెద్దకు తలెత్తుకునే వీలుండదు.

ఇంకా మిరప కాలమే. కల్లం రోడ్డు దాకా పరచుకుని ఉంది. ఘాటుకు అందరమూ దగ్గుతూ రోడ్డు మీదే నిలబడ్డాము. లోపలికి పోయి హద్దు చూడమంటే ఒక్కరూ కదలలేదు. "కాయ మీద కాలు పెడితే రైతొచ్చి మన మీద కాలు పెడతాడు మాస్టారూ" అన్నాడు ఒంగోలు ఆయన. మాస్టారు బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు, ప్యాంటు మడిచి కాయల్లోకి దిగారు. కాయలు తిరగేస్తున్న ఒక పెద్దావిడ గట్టిగా అరిచింది.

"ఓ అయ్యా! కాళ్ళు మండిపోతయ్యయ్యా, నీకు అలవాటు లేదు!"

"మండనీలే అమ్మా. ఈ చోటు ఎవరిది?"

"ఎవరిదేందయ్యా, డొంక గదా! చేనేమో ఆ పెద్దయ్యది, ఇదేమో అందరిదీ. ఏటా ఇక్కడే పోసుకుంటాం. మొన్నొకాయన టేపట్టుకోనొచ్చి కల్లం అంచునించే చూసిపోయాడు, నన్ను అడిగితే చెప్పకపోదునా?"

ఆమె కాలితో కాయలు పక్కకు నెట్టింది. అడుగున సర్వే రాయి, కారం పట్టి ఎర్రగా ఉంది. ఆమె కుండలోంచి ముంచి ఇచ్చిన నీళ్ళు మాస్టారు గటగటా తాగారు. అప్పుడు నాకు బిర్యానీ పొట్లం గుర్తుకొచ్చింది. ఎవరింటి అన్నమని కాదు, తాను తప్పు పట్టబోయే చేను ఆసామి పంపిన అన్నమని ఆయన తినలేదు. నా రిపోర్టులో ఆ పేరు చదివిన మనిషి మరెలా తింటాడు?

తరవాత టేపు కొస నా వైపు చాచి, "మీరు రండి, పట్టుకోండి" అన్నారు. చెప్పులు విడిచి దిగాను. మొదట ఏమీ తెలియలేదు, నాలుగు అడుగులకు కాలి పగుళ్ళలో నిప్పు పెట్టినట్టయింది. డొంక కలిసిపోయిందనుకున్నానండి అన్నాను, అందరూ వింటుండగానే. "ఎవరు చెప్పారు?" అన్నారు ఆయన, టేపు మీంచి తల ఎత్తకుండా. ఆ పేరు నా నోటికి రాలేదు. అంతకు మించి ఆయనా అడగలేదు. ఆ చేనుకు రోడ్డు ముఖం లేదని, డొంక వెనక ఉన్న సాగుభూమి ధరే వస్తుందని పద్దెనిమిది మందిమీ రాసుకున్నాము.

మర్నాడు పొద్దున మొదట సంఘ పెద్ద ఇంటికే వెళ్ళి సంగతి చెప్పాను. "ఒరేయ్, పదిమందిలో నిన్ను మావాడని చెప్పుకున్నాను రా. ఆ డొంకలో ఇప్పుడు బండి నడుస్తుందా, ఎద్దు నడుస్తుందా? అది నీ కాగితంలో లేకపోతే ఎవడి కొంప మునిగింది?" అన్నారు. ఆయన చెప్పిన మాటే నేను రాశాను, తప్పు ఆయనదని అనవచ్చు. కానీ సీలు నాది. దణ్ణం పెట్టి, నేరుగా బ్యాంకుకు పోయి, నా రిపోర్టు తప్పని ఉత్తరం రాసిచ్చి వెనక్కి తీసుకున్నాను. మేనేజరు మంచివాడే, నా అంతట నేనే వచ్చానని మెచ్చుకుంటూనే నా పేరు ఏడాది పాటు పక్కన పెట్టాడు. ఆ ఏడాది ఇళ్ళ ప్లాన్లు గీసి బతికాను. సంఘ పెద్ద మాత్రం మళ్ళీ నా చెయ్యి పట్టుకోలేదు. బల్లారాధనలో పక్కపక్కనే మోకాళ్ళూని ఒకే పాత్రలోంచి ద్రాక్షరసం తాగాము, ముఖాలు చూసుకోలేదు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయినప్పుడు పెట్టెకు నేనూ భుజం పట్టాను, ఆ బరువు ఇంకా దిగలేదు.

చివరి ఆదివారం మాస్టారు మా రిపోర్టులు తిరిగిచ్చేశారు. నా దాంట్లో తూర్పు హద్దు అన్న మాట దగ్గర చిన్న పెన్సిలు చుక్క కనిపించింది. నేను ఇవ్వకముందే ఉందో, ఆయన పెట్టిందో తెలియదు. మెట్ల దగ్గర పట్టుకుని అడిగేశాను, నా కాగితం చూసే ఆ చేనుకు తీసుకుపోయారా అని. "ఎవరు చెప్పారు?" అన్నారు. ఆరు వారాల్లో ఆయన నవ్వడం చూసింది అప్పుడే. సంచి భుజాన వేసుకుని దిగిపోయారు, ఇప్పటికీ ఏ ఊరో నాకు తెలియదు.

ఇప్పుడు అక్కడ కల్లమూ లేదు, డొంకా లేదు, నిజంగానే అంతా రోడ్డులో కలిసిపోయింది. ఆ చేను ఇప్పుడు ఎలా ఉందో చూడాలంటే లేచి వెళ్ళనక్కర్లేదు, ఆకాశంలోంచి తీసిన బొమ్మ ఇంట్లోకే వస్తుంది, చెప్పులు విడవనక్కర్లేదు. మొన్నటి పాఠం చివర కూడా ఒక ప్రశ్న అడిగారు, స్థలాన్ని స్వయంగా చూశారా అని, అవునన్నచోట నొక్కితే ఆకుపచ్చ గుర్తు పడింది. ఏ స్థలమని అడగలేదు. ఎవరు చెప్పారనీ అడగలేదు. నేను కునుకుతున్నా ముఖం ఉంటే చాలనుకునే ఆ కెమెరా ముందు కూర్చుని, సర్టిఫికెట్టు వైపు చూస్తూ, చాలాసేపు అరికాళ్ళు రుద్దుకున్నాను. అందరూ నన్ను నమ్మేస్తున్నారు. ఆ మాత్రం అనుమానించే మనిషి నాకిప్పుడు ఒక్కడూ లేడు.