మూడో కుర్చీ గాలి

చేప చచ్చిపోతే అందరూ అయ్యో పాపం అనుకుంటారు. పెద్దక్క మాత్రం ఎవరు చంపారని అడుగుతుంది. చేప దానంతటది చావదనీ, పెంచేవాళ్ళ తెలివితక్కువతనమే దాన్ని చంపుతుందనీ ఆవిడ గట్టి నమ్మకం. అలాంటి నమ్మకం పెట్టుకుని బ్యూటీ పార్లర్ నడపడం కష్టం. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినావిడ మాటవరసకి తమ ఇంట్లో చేపలు ఊరికే పోతున్నాయని అందంటే ఇక అంతే. నీళ్ళు ఎన్నాళ్ళకి మారుస్తారు, మొత్తం మారుస్తారా కొంచెమా, కుళాయి నీళ్ళు పట్టినవి పట్టినట్టే పోస్తారా, మేత ఎవరు వేస్తారు అని కత్తెర గాల్లో ఆపి మరీ నిలదీస్తుంది. సగం కత్తిరించిన జుట్టుతో లేచి పోలేదు కాబట్టి ఆ వచ్చినావిడ అన్నిటికీ జవాబు చెప్పుకోవాల్సిందే.

పెద్దక్క అన్న పేరు కస్టమర్లు పెట్టిందే. తోటికోడలు కూడా అక్కడే పనిచేస్తుంది కనక ఆమె చిన్నక్క అయింది. మందుల షాపు పైన రెండు గదులు, మూడు కుర్చీలు, ఒక ఏసీ, గోడ పొడవునా అద్దం. పెద్దక్క అసలు ఈ పనిలోకి వచ్చింది వేరే ఎవరి పార్లర్లోనో నేల మీద రాలిన జుట్టు ఊడవడానికి. అక్కడి యజమానురాలు పనివాళ్ళని పొద్దస్తమానం నిలబెట్టే ఉంచేది. కాళ్ళు వాచి ఇంటికి వెళ్ళిన ఆ రోజుల్లోనే, తనకంటూ ఒక పార్లర్ ఉంటే అందులో పనిచేసే ప్రతి మనిషికీ ఒక స్టూలు, వేళకి టీ ఉండి తీరాలని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా. పనివాళ్ళని పీడించే యజమానుల మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ ఆవిడ ముక్కుపుటాలు అదురుతాయి.

చిన్నక్క ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో అత్తగారి చిక్కు జుట్టుని నొప్పి తెలియకుండా దువ్వడం చూసి, ఈ చేతిని వంటింట్లో వదిలెయ్యడం పాపమని పెద్దక్కే ఆమెని పార్లర్‌కి లాక్కొచ్చింది. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత చలాకీ. ఆమె చెప్పే కబుర్లు వినడానికే కొందరు మూడో కుర్చీ ఖాళీ అయ్యేదాకా కాచుకుని కూర్చునేవారు.

చేపల తొట్టి మొదట అలంకారానికే వచ్చింది. జుట్టు స్ట్రెయిటెనింగ్‌కి వచ్చినవాళ్ళు పూటంతా కదలకుండా ఉండాలి కదా, కంటికి ఏదైనా కాలక్షేపం ఉంటే బాగుంటుందని మూడో కుర్చీ పక్కన పెట్టించింది. పొద్దున తొట్టి వచ్చింది, సాయంత్రానికి చేపలు వచ్చాయి. వారం తిరక్కుండా ఒక్కటి తప్ప అన్నీ వెల్లకిలా తేలాయి. రోగిష్టి చేపల్ని అంటగట్టారని పెద్దక్క చేపల షాపు మీదికి యుద్ధానికి వెళ్ళింది. షాపాయన ఆవిడ అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, కొత్త తొట్టిలో నీళ్ళు పైకి తేటగా కనిపించినా పచ్చివేననీ, చేప వదిలిన మలినం ఆ నీళ్ళలోనే విషంగా మారుతుందనీ, ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో పుట్టి పెరగడానికి కొన్ని వారాలు పడుతుందనీ చెప్పాడు. చంపింది తనేనని తెలిసేసరికి పెద్దక్క కోపం ఎటు పోవాలో తెలియక లోకం మీదికి తిరిగింది. అప్పట్నించి స్పాంజిని కుళాయి కింద తళతళా తోమేవాళ్ళన్నా, నీళ్ళన్నీ ఒకేసారి పారబోసేవాళ్ళన్నా, ప్రేమ కొద్దీ గుప్పెళ్ళతో మేత వేసేవాళ్ళన్నా ఆవిడకి పడదు. ఆ మొదటి విడతలో బతికి బట్టకట్టిన ఎర్రచేపకి ముసలోడని పేరు పెట్టుకుంది. వాడు జానెడు పెరిగాడు.

ఆ ముసలోడికి జబ్బు చేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి నీటి పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నాడు. మొప్పలు ఎగసిపడుతున్నాయి, రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. మిగతా చేపలు మూల చేరాయి. పెద్దక్క పని ఆపేసి గాజు గొట్టంలో నీళ్ళు పట్టి పరీక్ష చుక్కలు వేసింది. విషం ఉంటే ఆకుపచ్చగా తిరగాలి, కానీ శుభ్రమైన పసుపు రంగే వచ్చింది. క్లోరిన్ లేదు, వేడి సరిగానే ఉంది, ఒంటి మీద తెల్ల చుక్కలు లేవు, పుండు లేదు. అయినా కొన్ని నీళ్ళు మార్చింది, కాస్త ఉప్పు వేసింది, మేత ఆపింది. మర్నాడు పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నానికి మళ్ళీ అదే ఆయాసం.

ఇక కుర్చీల్లో కూర్చున్న ప్రతివాళ్ళూ డాక్టర్లయిపోయారు. ఒకావిడ నీలం మందు పొయ్యమంది. ఒకావిడ తన అన్నగారు వేసిన మాత్ర పేరు చెప్పింది. ఇంకొకావిడ వాడికి పెళ్ళి చెయ్యకపోవడం వల్ల వచ్చిన దిగులంది. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట, రోగమేదో తెలియకుండా మందు పొయ్యమనడం ఏమిటని పెద్దక్క మండిపడింది. ముందు నీళ్ళ సంగతి చూడాలి, తరవాత చేప సంగతి చూడాలి, ఆ తరవాతే సీసా మూత తియ్యాలి అని ఆవిడ వాదం. వాదం సరైనదే.

ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు మూడో కుర్చీ వెనక చిన్నక్క దగ్గుతూనే ఉంది. ఈ మధ్య ఆమె కబుర్లు తగ్గిపోయాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకి దగ్గు, మెట్లెక్కితే పిల్లికూతలు. డాక్టరు దుమ్ము పడటం లేదన్నాడు. పెద్దక్క వాతావరణం అంది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోందని మరిది చెబితే వేణ్ణీళ్ళు తాగమంది. చేపకి ఆయాసం వస్తే పరీక్షలు, మనిషికి వస్తే వేణ్ణీళ్ళు. ఇదెక్కడి న్యాయమని ఆ గదిలో ఒక్కరికీ అనిపించలేదు, పూటపూటా ఆమె చేత తల దువ్వించుకునేవాళ్ళకి కూడా.

సెలవు ముందు రోజు సాయంత్రం పెద్దక్క ముసలోణ్ణి ఒక బకెట్లో, తొట్టి నీళ్ళతోనే, ఇంటికి తీసుకొచ్చింది. మందూ మాకూ ఏమీ లేకుండానే తెల్లారేసరికి వాడు బకెట్లో గిరగిరా తిరుగుతున్నాడు. అవే నీళ్ళు, అదే చేప. తిరిగి పార్లర్లో వదిలితే మధ్యాహ్నానికి కథ మొదటికొచ్చింది. ఇల్లు పడి పార్లర్ పడకపోవడానికి వీడు చేపా, అలిగిన అల్లుడా అని విసుక్కుని ఆవిడ షాపాయన దగ్గరికి బయల్దేరింది. ఆ సెలవు రోజున చిన్నక్క కూడా వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయింది. ఆ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మొప్పల్లో పురుగు పట్టి ఉండొచ్చని షాపాయన ఒక చిన్న సీసా ఇచ్చాడు. ఫార్మలిన్. ఇస్తూ సీసా కంటే పెద్ద జాగ్రత్తలు చెప్పాడు. చుక్క ఎక్కువైనా చేప పోతుందన్నాడు. చేతికి తొడుగు వేసుకోమన్నాడు, కిటికీలన్నీ తెరవమన్నాడు, పొరపాటున కూడా వాసన పీల్చొద్దన్నాడు. వద్దన్న పని ముందు చెయ్యడం పెద్దక్కకి అలవాటు కాబట్టి అక్కడే మూత తీసి వాసన చూసింది. ముక్కులో సూది గుచ్చినట్టయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూల సెంటు ఒకటి తక్కువగానీ అది తనకి తెలిసిన వాసనే. ఈ మధ్యే తెప్పిస్తున్న కొత్త స్ట్రెయిటెనింగ్ క్రీము రాసి వేడి ఇస్త్రీ పట్టకారు పెట్టినప్పుడు జుట్టులోంచి లేచే పొగ వాసన. మూడో కుర్చీ వెనక అలమారులో తొట్టికి గాలి పంపే మోటారు ఉంది. అది గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి ఊదుతుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని పెద్దక్క నెత్తి కొట్టుకుంది.

ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించింది. ఏసీ చలవ పోకుండా ఎప్పుడూ బిగించి ఉంచే కిటికీ చెక్కకి కన్నం పెట్టించింది. మోటారుని వెనక వసారాలో ఒక రేకు గూటిలో పెట్టించి, పొడవాటి గొట్టం లోపలికి లాగించింది. తొట్టికి గట్టి మూత చేయించింది. కొన్నాళ్ళకి ముసలోడు ఎవరు దగ్గరికొచ్చినా మేత కోసం ఎగబడటం మొదలుపెట్టాడు. పెద్దక్క సంబరం పట్టతరం కాలేదు. వచ్చినవాళ్ళందరికీ కథంతా చెప్పింది. గదిలో గాలి విషమనీ, ఆ విషమంతా నీళ్ళలోకి పోయిందనీ, పాపం నోరులేని జీవాలు ఎవరితో చెప్పుకుంటాయనీ వాపోయింది. క్రీము కంపెనీని నోరారా తిట్టింది. తిడుతూనే, మూడో కుర్చీలో కూర్చున్నావిడ జుట్టుకి రాయమని అదే క్రీము గిన్నెలో వేసి చిన్నక్కకి అందించింది.

చిన్నక్క గిన్నె అందుకుని, దగ్గు తెర తగ్గేదాకా ఆగి, నవ్వుతూనే అడిగింది.

"అక్కా, ఆ గొట్టం ముక్క మిగిలితే నా ముక్కుకి కూడా ఒకటి పెట్టించవా?"

కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో తనని రాక్షసిని చేసిందనుకుంది. స్టూలు ఎవరు వేశారు, టీ ఎవరు తెప్పిస్తున్నారు, డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని ఎవరు తీసుకెళ్ళారు అని ఇంటికి వెళ్ళాక వంటింట్లో గిన్నెలకి వినిపించింది. చిన్నక్క కూరగాయలు తరుగుతూ దగ్గుతూనే ఉంది. అది వింటుంటే పెద్దక్కకి ఇంకా కాలింది. ఆ దగ్గు క్రీము వల్ల కాదని రుజువు చేసి తీరతాననీ, మర్నాటి నుంచి మూడో కుర్చీ తనే చూస్తాననీ, చిన్నక్క మొదటి కుర్చీలో కనుబొమలు తీసుకుంటూ ఉండాలనీ తీర్పు చెప్పేసింది. రోగిని తీసి వేరేచోట పెట్టి చూస్తే గానీ రోగం తెలియదు. బకెట్ మోసుకొచ్చి చేపకి చేసిన ఆ పనిని, మనిషికి కోపంలో, పొరపాటున చేసింది.

మొదటి రోజు కళ్ళు మండితే ఏసీ గాలి పొడిగా ఉందనుకుంది. మర్నాడు గొంతులో ఇసక పోసినట్టయితే చల్లటి నీళ్ళు తాగడం వల్లే అనుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ వారం చివర్లో నడుం దిగే జుట్టుతో ఒకావిడ వచ్చింది. సగం పాయలు అయ్యేసరికి పెద్దక్కకి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టనిపించింది. ఇప్పుడే వస్తానని చెప్పి వసారాలోకి పోయి, రేకు గూడు పక్కన నిలబడి ఊపిరి పీల్చుకుంది. పక్కనే మోటారు గుయ్యిమంటూ ఆ మంచి గాలిని చేపలకి పంపుతోంది. లోపల్నించి చిన్నక్క మాటలు వినిపిస్తున్నాయి. ఎవరింటి కోడలి గడుసుతనం గురించో చెబుతోంది, కుర్చీలో మనిషి పడీ పడీ నవ్వుతోంది. ఎంతసేపు విన్నా మధ్యలో దగ్గు రాలేదు. పెద్దక్కకి సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది, ఆవిడకి ఏదైనా ఆ వరసలోనే వస్తుంది.

ఫోన్ చేసి పిలిపిస్తే కంపెనీ మనిషి మర్నాడే కొత్త డబ్బాలు పట్టుకుని వచ్చాడు. పెద్దక్క అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. డబ్బా మీద పువ్వుల బొమ్మలేసి లోపల ఏం పోస్తున్నారంది. చేపల మందు సీసాకి ఉన్నన్ని జాగ్రత్తలు మనుషుల నెత్తిన రాసేదానికి ఎందుకు లేవంది. నా తోటికోడలి ఊపిరితిత్తులు మీ కంపెనీ సొమ్మా అంది. అతను చిరునవ్వు చెదరకుండా అంతా విని, అన్నీ మొక్కల రసాలేనన్నాడు.

"ఇన్ని పార్లర్లలో వాడుతున్నారు మేడమ్. ఇబ్బందిగా ఉందని ఒక్కరు కూడా చెప్పలేదు."

"ఎవర్నడిగావు నువ్వు?"

"ఓనర్లందర్నీ అడుగుతాం మేడమ్. పోయినసారి వచ్చినప్పుడు మిమ్మల్నీ అడిగాను. బ్రహ్మాండంగా ఉంది, ఏ ఇబ్బందీ లేదన్నారు."

అతను చెప్పిన దాంట్లో ఈ ఒక్కటీ అబద్ధం కాదు. పెద్దక్క మొదటి కుర్చీ వైపు తిరిగింది. చిన్నక్క దారం కొస పళ్ళతో పట్టుకుని ఒకావిడ కనుబొమలు తీస్తోంది.

"నీకీ దగ్గు ఎప్పట్నించే?"

చిన్నక్క దారం నోట్లోంచి తీసింది. "ఈయన మొదటి డబ్బా తెచ్చిన వారం నించి."

"మరి నాతో చెప్పొద్దూ?"

"చెప్పానక్కా. కిటికీ తీద్దామన్నాను. చలవ పోతే కస్టమర్లు రారన్నావు."

అలా అన్నట్టు పెద్దక్కకి గుర్తు కూడా లేదు. కంపెనీ మనిషి అందించబోయిన డబ్బాని తోసేసి వెళ్ళి ఏసీ ఆపేసింది. కిటికీ చెక్క బిగుసుకుపోయి కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని గుంజింది. మొదటి కుర్చీలో ఆవిడ కళ్ళు తెరవకుండానే, ఏసీ ఎందుకాపారు, ఉక్కపోసి చచ్చిపోతాం అని విసుక్కుంది.

"ఉక్కపోతకి ఎవరూ చావరు" అంది పెద్దక్క, చెక్క గుంజుతూనే.