ఒకే గుంపులో ఇద్దరు వద్దు

మా నాయనమ్మ విత్తనం జొన్నలు ఎప్పుడూ ఒక్క చోట దాచేది కాదు. సగం మా అటక మీద, సగం తిమ్మాజిపేట దిక్కున్న తన చెల్లెలింట్లో. "కాలితే ఒక ఇల్లు కాలుతది గని రెండిండ్లు ఒక్కసారే కాలుతయా?" అనేది. జాతరకు పోయినా మమ్మల్ని రెండు ఆటోల్లో ఎక్కించేది. ఊళ్ళో వాళ్ళు ఆమెను శకునపక్షి అని ఆటపట్టించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

నవ్వులాట కానిది ఒకటుంది. ఉప్పునుంతల దగ్గర మా ఊరి నుంచి దసరా పోగానే జనం లారీలెక్కి వలస పోయేవాళ్ళు. ఒక మేస్త్రీ వెంట పోయే కూలీలంతా ఒక గుంపు. నేను పుట్టకముందు మా తాత, పెదనాయన ఒకే గుంపులో ఎక్కడికో కాలువ పనికి పోయారు. కట్ట విరిగి మట్టి ఇద్దరి మీదా పడింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే చట్టం, ఒకే గుంపులో ఇద్దరు పోవద్దని. ఆ కాలువ గీసిన పెద్దలు నీళ్ళు ఎంతదూరం పారతాయో ఊహించారు. కట్ట కింద ఎవరుంటారో ఊహించే పని మాత్రం మా నాయనమ్మ నెత్తిన పడింది.

అందుకే నాయిన ఆనకట్టల పనికి ఒక దిక్కు పోతే, అమ్మ తన అన్న గుంపులో రోడ్డు పనికి ఇంకో దిక్కు పోయేది. పీర్ల పండుగకు ఇద్దరూ వచ్చేవాళ్ళు. నాలుగు రోజులు ఇల్లు ఇల్లులాగా ఉండేది. మళ్ళీ ఎవరి లారీ వాళ్ళది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వానలు వరుసగా ఎగ్గొట్టాయి. నాకు పదేళ్ళు. ఆ ఏడు నాయినను పనికి తీసుకుపోయే మేస్త్రీ, ఆలుమగలు కలిసి వస్తేనే పని అన్నాడు. రొట్టె కాలుస్తున్న అమ్మ తల ఎత్తకుండానే అంది, "అత్తా, ఈసారి ఆయనెంబడే పోత."

నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "పో. రేపు కట్ట ఇద్దరి మీద పడితే ఈ పిల్ల ఎవరి మొఖం జూడాలె?"

"ఏమన్నయితే పక్కనన్నా ఉంట గద."

అంటూ అమ్మ పెనం వదిలి ఇటు తిరిగింది. అందరం నాయిన వైపు చూశాం. ఆయన కాలి బొటనవేలితో నేల గీరుతూ, "అమ్మ చెప్పినట్టే కానియ్యి" అన్నాడు. వేరే మేస్త్రీని చూసుకున్నాడు. పెనం మీద రొట్టె మాడిపోయింది. అమ్మ దాన్ని తన పళ్ళెంలోనే వేసుకుంది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరువాత ఏ కట్టా విరగలేదు. ఏ లారీ బోల్తా పడలేదు. ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ నాయనమ్మ "జూసిండ్రా మరి?" అనేది. ఏం చూడాలి? జరగనిదాన్ని చూపించి గెలిచే మనిషితో ఎవరు వాదిస్తారు? నాకు ఒళ్ళు మండేది. ఆమె పోయినప్పుడు కూడా అమ్మానాయినలు చెరో దిక్కున ఉన్నారు. నాయిన మట్టి చేసే వేళకు అందుకున్నాడు. అమ్మ మరునాటికి చేరింది. ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు కదా, కలిసి పోతారనుకున్నాను. దసరా కాగానే ఎప్పటిలాగే ఇద్దరూ చెరో లారీ ఎక్కారు.

నేను వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి, రాబోయే ఆపదను ముందే ఊహించిన దేశమే బాగుపడుతుందని ఉపన్యాసమిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు లేవలేదు. మా ఇంట్లో ఊహకు కొదవ లేదు. ఆ ఊహంతా మేం చావకుండా ఉండటానికే ఖర్చయిపోయింది.

అప్పటికి నాయిన మోకాళ్ళు అరిగి, అమ్మ నడుము వంగి, ఇద్దరూ వలస మానుకుని ఇంటికి చేరారు. ఆయన ముందు అరుగు మీద, ఆమె వెనక పెరట్లో. మధ్యలో కొట్లాట కూడా లేదు. అదే నాకు బాధ.

సెలవులకు వచ్చినప్పుడు అమ్మకు జ్వరం తగిలింది. మందుబిళ్ళల కోసం దవాఖానకు పోయి వచ్చేసరికి నాయిన వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసెడు చాయ్. ఆయన పొయ్యి ముట్టించడం నేను అంతకుముందు చూడలేదు. లోపలికి వినపడకుండా నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, మీ అమ్మ చాయ్ తాగుతదా?"

"తాగది నాయినా. ఎన్నడూ తాగలే. కడుపుల మంట."

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు. గ్లాసు చల్లారేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.