బండికి చెంచాడు ఉప్పు

ఆ సోమవారం మా వారికి చెప్పులు పట్టలేదు. ఇద్దరం స్కూలుకి బయలుదేరుతున్నాం. రెండేళ్ళుగా వేసుకుంటున్న పాత చెప్పులే. "వానకి తడిసి బిగుసుకుపోయాయి శాంతా" అన్నారు. వంగి చూశాను. చెప్పులు బాగానే ఉన్నాయి, ఉబ్బింది పాదాలు. వేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతసేపటికీ పూడలేదు. బయటికి వెళ్ళి బండి కిక్ కొట్టబోయారు. రెండుసార్లు కొట్టేసరికి ఆయాసమొచ్చి ట్యాంకు మీద చేతులానించి నిలబడిపోయారు. అప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్ళామా అంటే లేదు. నాకు దిద్దాల్సిన పేపర్లున్నాయి, ఆయనకి వార్షికోత్సవానికి స్టేజీ తెర గీసే పనుంది. అలా మూడు వారాలు నెట్టుకొచ్చాం.

ఆయన పేరు రత్నరాజు. రాజోలులో మేమిద్దరం ఒకే హైస్కూల్లో పనిచేసేవాళ్ళం. ఆయన డ్రాయింగ్ మాస్టారు, నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. నేను సైన్స్ టీచర్నన్న సంగతి గుర్తుపెట్టుకోండి. నా తప్పు ఎంత పెద్దదో అప్పుడే తెలుస్తుంది.

అమలాపురంలో డాక్టరు గారు బీపీ ఒకసారి చూసి, నమ్మకం కలగక మళ్ళీ చూశారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎనిమిది దాటింది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి కనిపించాయి. "బీపీ మాత్రలు ఎప్పట్నుంచి మానేసేరండీ?" అని అడిగారు. మా వారు డాక్టరు వైపు కాదు, నా వైపు చూశారు. తలనొప్పి తగ్గింది కదా అని ఏడాది కిందటే మానేశారట. రోజూ "మాత్ర వేసుకున్నారా?" అని నేనడగడం, "ఆయ్" అని ఆయననడం. ఆ 'ఆయ్' లన్నీ ఉత్తివేనని ఆ గదిలో కూర్చున్నాకే తెలిసింది.

"ఇది క్రానిక్ అండీ, వెనక్కి రాదు. డయాలసిస్ మొదలెట్టాలి" అన్నారు డాక్టరు గారు. ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా ఆపరేషన్ చేశారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు రెండింటిని కలిపి కుట్టడమే ఆ ఆపరేషన్. కుట్లు ఆరాక అక్కడ చెయ్యి పెడితే లోపల జుమ్మని ఒకటే అదురు. మా వారు దాన్ని నా చెవికి ఆనించి, "మన బండి ఐడ్లింగ్‌లో ఉన్నట్టు లేదూ?" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

మంగళ, గురు, శనివారాలు సిట్టింగ్. మిషను మీద నాలుగు గంటలు. నీళ్ళు రోజుకి లీటరు దాటకూడదు, ఉప్పు బాగా తగ్గించాలి, సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య రెండు కిలోలకి మించి బరువు పెరగకూడదు అన్నారు. కొబ్బరి బొండం నీళ్ళు అసలే వద్దన్నారు, పొటాషియం పెరుగుతుందట. కోనసీమలో ఆ మాట ఎవరికి ఎక్కుతుంది? చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ బొండాలు పట్టుకొచ్చేవారు. వద్దంటే, "బొండం కూడా పడదేటండీ" అని నొచ్చుకునేవారు. కొందరి బొండాలు వాకిట్లోంచే తిప్పి పంపాను. నాకు గయ్యాళి పేరొచ్చినా ఫరవాలేదనుకున్నాను. ఒకసారి నన్ను నమ్మించి మోసం చేసిన మనిషిని మళ్ళీ కనిపెట్టుకుని ఉండకపోతే ఎలా? ఉప్పు డబ్బా తీసుకెళ్ళి బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశాను. ఆయనతో పాటు నేనూ చప్పిడి కూరలే తిన్నాను.

సిట్టింగ్ అయ్యాక ఆయన నీరసించిపోయేవారు. అన్నం నమిలే ఓపిక కూడా ఉండేది కాదు. అందుకని వేడినీళ్ళలో సూప్ పొడి ప్యాకెట్ కలిపి ఒక కప్పు ఇచ్చేదాన్ని. అట్ట మీద క్యారెట్టు, బీన్స్, పచ్చటి ఆకులు. నీళ్ళ లెక్కలో ఆ కప్పు కూడా రాసుకునేదాన్ని. సూప్ ఒక్కటే కాదనకుండా తాగేవారు. తాగుతున్నారు కదా అని మిగతా రోజుల్లోనూ సాయంత్రం పూట ఇవ్వడం మొదలుపెట్టాను.

కాళ్ళవాపుతో బండి నడపడం కుదరక దాన్ని నర్సాపురంలో మా తమ్ముడికి ఇచ్చేశాం. ఇరవై రెండేళ్ళు నడిపిన బండి. ఆదివారం చర్చి అవగానే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి, వశిష్ఠ గోదావరి దాటి మా పుట్టింటికి వెళ్ళేవాళ్ళం. బండిని తీసుకెళ్ళిన రోజు మా వారు అది నిలబెట్టే చోట మిగిలిన ఆయిలు మరక వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. కాకినాడలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆ సంగతి విని, ఆన్‌లైన్లో ఒక మోడల్ కిట్ తెప్పించింది. జానెడు పొడవు బండి, వందకి పైగా ప్లాస్టిక్ ముక్కలు, అంటించుకుంటూ పోవాలి.

అది ఏదో జపాను బండి. మా బండికి కిట్ ఎవరు చేస్తారు? ఆయన ట్యాంకు అరగదీశారు, సీటు మార్చారు, ప్లాస్టిక్ షీటు కత్తిరించి శారీ గార్డు చేశారు. ఎర్ర రంగు వేశాక షోరూంలోంచి అప్పుడే తెచ్చినట్టుంది. నాకు ఎంతో నచ్చింది. ఆయనకి నచ్చలేదు. "ఇది మన బండి కాదు శాంతా. మన బండి ఉప్పుగాలి తిన్నది" అన్నారు.

అప్పుడడిగారు, ఒక చెంచాడు కల్లుప్పు కావాలని. నేను ఆయన మొహంలోకి చూశాను. బండికే అన్నారు. పద్ధతి కూడా వివరించారు. ముందు తుప్పు రంగు వేసి ఆరనివ్వాలి. దాని మీద తడి చేసి, నలిపిన ఉప్పు అక్కడక్కడా చల్లాలి. ఉప్పు ఆరి అంటుకున్నాక పైన ఎర్ర రంగు స్ప్రే చెయ్యాలి. అది కూడా ఆరాక పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ఉప్పు రాలిపోతుంది. రాలినచోట పెయింటు పెచ్చులూడినట్టు కింది తుప్పు బయటపడుతుంది. బీరువా తాళం తీసి, చెంచాడు కొలిచి కాగితంలో పోసిచ్చాను. వారానికి రెండు మూడు సార్లు అలా ఇచ్చేదాన్ని.

ఎడమవైపు ముందు చేశారు. ఎందుకని అడిగితే, అది నువ్వు కూర్చునే వైపు కదా అన్నారు. నా చెప్పుల రాపిడికి శారీ గార్డు ఎక్కడ తెల్లబడిందో, పంటు మీద నీళ్ళు చింది మడ్‌గార్డు అంచు ఎక్కడ తినేసిందో అన్నీ ఆయనకి గుర్తున్నాయి. పూర్తయ్యాక చేతిలోకి తీసుకుని చూశాను. అది అచ్చం మా బండే. ఇక కుడివైపు మిగిలింది. సైలెన్సరు, కిక్ రాడ్డు, బ్రేకు పెడలు, అంతా ఆయన వైపు.

అది మొదలుపెట్టేలోపే ఒక సోమవారం పొద్దున్న ఆయనకి ఊపిరి అందలేదు. పడుకోలేరు, కూర్చోలేరు. అమలాపురం తీసుకెళ్ళేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పి, ఆక్సిజన్ పెట్టి, వెంటనే మిషను ఎక్కించారు. కుదుటపడ్డాక డాక్టరు గారు చార్టు చూస్తూ అడిగారు. "మూడు కేజీల ఎనిమిది వందలు పెరిగేరు. ఎక్కడో ఉప్పు వెళ్తోందండీ. ఉప్పు వెళ్తే దాహం, దాహమేస్తే నీళ్ళు. బయట ఫుడ్ ఏమైనా తింటున్నారా?"

అన్నీ ఇంట్లోవేనని చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. బొమ్మ బండి వంక పెట్టి నా దగ్గర ఉప్పు తీసుకుంటున్నారని, పక్క మంచాల వాళ్ళు వినేంత గట్టిగా అన్నాను. ఆయన ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగి, "తిన్లేదు శాంతా. బండికే వాడేను" అన్నారు.

"మాత్రలు వేసుకుంటున్నానని కూడా ఏడాదిపాటు చెప్పేరు" అన్నాను నేను.

ఆయన మాస్క్ మళ్ళీ పెట్టుకున్నారు. నర్సు కూడా తల తిప్పుకుంది.

ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. మోడల్ బండి తెచ్చి ఆయన ముందు పెట్టి, ఇన్ని చెంచాల ఉప్పు ఇచ్చాను కదా, ఏదీ, ఒక్క రవ్వ చూపించండి అని నిలదీశాను. "ఉండదు శాంతా. తుప్పు తేల్చి రాలిపోద్ది. దాని పనే అది" అన్నారు. ఆ మాట నాకు తప్పించుకునే మాటలా వినిపించింది. ఆ రోజు నుంచి ఉప్పు ఇవ్వలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు. కుడివైపు ఎందుకు చెయ్యరని మా అమ్మాయి ఫోన్లో అడిగితే, చాల్లే అమ్మా, ఓపిక లేదని చెప్పారు. బండిని అల్మరాలో కొత్త వైపు గోడకి తిప్పి పెట్టారు.

నేను ఉప్పు ఆపేశాక కూడా బరువు అలాగే పెరుగుతూ వచ్చింది. కారణం అనుకున్నదాన్ని తీసేసినా ఫలితం మారలేదంటే కారణం అది కాదని తొమ్మిదో తరగతి పిల్లలకి నేనే చెబుతాను. ఇంట్లో ఆ తెలివి పని చెయ్యలేదు. ఎక్కడో దాచుకుని తింటున్నారనుకున్నాను. దిండు కింద వెతికాను. రంగుల పెట్టె బోర్లించాను. ఆయన మంచం మీద కూర్చుని చూస్తూ ఊరుకున్నారు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మరో నాలుగు నెలలున్నారు. ఒక శనివారం సిట్టింగ్‌కి ఆటోలో వెళ్తుంటే నా భుజం మీద తల వాల్చారు. నిద్రపోతున్నారనుకుని కదలకుండా కూర్చున్నాను. హాస్పిటల్ ముందు దిగమంటే దిగలేదు. కార్డియాక్ అరెస్ట్ అన్నారు.

నెల దాటాక, ఇంట్లో మిగిలిపోయిన గాజ్ గుడ్డలు, ప్లాస్టర్లు ఎవరికైనా పనికొస్తాయని డయాలసిస్ యూనిట్‌కి తీసుకెళ్ళాను. అక్కడ డైటీషియన్ ఒకమ్మాయి పేషెంట్ల ఇంటివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుతోంది. బల్ల మీద ఖాళీ ప్యాకెట్లు పరిచింది. అప్పడాలు, బిస్కట్లు, నిలవ పచ్చడి. వాటి పక్కన మా సూప్ ప్యాకెట్. అదే క్యారెట్టు, అవే ఆకులు. "కూరలో ఉప్పు మానేసి ఇది ఇస్తారండీ. కూరలో కంటే దీన్లోనే ఎక్కువ ఉంటది" అంటోంది. నేను ఆ ప్యాకెట్ అందుకుని వెనక్కి తిప్పాను. సన్న అక్షరాల్లో సోడియం అని ఉంది, ఎదురుగా అంకె. ఏళ్ళ తరబడి బోర్డు మీద సోడియం క్లోరైడ్ అని రాసిన చెయ్యి ఇది. ఆ ప్యాకెట్‌ని ఒక్కసారి తిప్పి చూడలేదు.

డాక్టరు గారి గదికి వెళ్ళి, నా సూప్ వల్లే పోయారా అని అడిగాను. "ఏ ఒక్కదాని వల్లో అని చెప్పలేమండీ. గుండె ముందే బాగా దెబ్బతింది" అన్నారు. ఆయన మంచితనం కొద్దీ అన్నారో, నిజమే చెప్పారో నాకు తెలియదు. కానీ ఆ రోజు ఊపిరితిత్తుల్లో చేరిన నీటికి ఆ కప్పు సాయపడలేదని మాత్రం డాక్టరు గారు అనలేదు.

ఇంకొకటి కూడా నన్ను తొలుస్తుంది. అన్నీ చప్పిడి తినే మనిషికి ఆ సూప్ ఉప్పగా ఉందని నాలుక చెప్పకుండా ఉంటుందా? నేను ఎన్నడూ రుచి చూడలేదు. ఆయన రోజూ తాగారు. ఉన్న ఒక్క రుచీ పోతుందని ఊరుకున్నారో, నేను తనని ఉప్పు దొంగ అన్న రోజు ఆ తప్పు నా మీదికి తిప్పడం ఇష్టం లేక ఊరుకున్నారో. అడగడానికి ఆయన లేరు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, బీరువాలోంచి ఉప్పు డబ్బా తీశాను. చెంచాడు కొలిచాను. అల్మరాలోంచి బండిని దించి, ఆయన చెప్పిన వరస గుర్తుచేసుకుంటూ కుడివైపు తుప్పు రంగు వేశాను, తడిపి ఉప్పు చల్లాను, డబ్బాలో మిగిలిన ఎర్ర రంగు కొట్టాను. ఆరాక ఆయన టూత్ బ్రష్‌తోనే రుద్దాను. ఉప్పు సన్నగా కాగితం మీదికి రాలిపోయింది. కింద తుప్పు మరకలు తేలాయి. చేత్తో తడిమాను, భూతద్దం పెట్టి చూశాను. బండి మీద ఒక్క రవ్వ లేదు. ఆయన చెప్పింది నిజం. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

నా చెయ్యి ఆయన చెయ్యి కాదు. సైలెన్సరు మీద తుప్పు మరీ ఎక్కువైంది, ట్యాంకు పెచ్చులు పెద్దవయ్యాయి. చూస్తే నవ్వేవారు. ఇప్పుడా బండిని గోడకి తిప్పకుండా స్కూల్లో నా బల్ల మీద పెట్టుకున్నాను. లోహాల పాఠం వచ్చినప్పుడు పిల్లలు దాని చుట్టూ మూగుతారు. మాస్టారు చేశారా అని అడిగితే, ఎడమవైపు ఆయన, కుడివైపు నేను అని చెబుతాను. మధ్యలో జరిగింది వాళ్ళకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఇంట్లో కిడ్నీ పేషెంటుని చూసుకుంటున్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. బరువు పెరిగినప్పుడు ముందు మీ వంటింట్లోకి వెళ్ళండి. మీ చేత్తో ఇస్తున్న ప్రతి ప్యాకెట్‌నీ వెనక్కి తిప్పి, సోడియం ఎంతుందో చదవండి. ఆ తర్వాతే మనిషిని అడగండి. తినలేదని చెబితే నమ్మండి.